లైనక్స్ వ్యవస్థా నిర్వహణము – పరస్పర సహకారము

యంత్రము సవ్యముగా నడుచుచున్నంతవరకు దానిని గూర్చి ఎవరును ఆలోచింపరు. అది ఆగిననాడే ఎట్లు నడిచినదో తెలిసికొనవలెనను కోరిక పుట్టును. కోనసీమలో చేలకు నీరు చేరుచున్నంతకాలము ధవళేశ్వరము ఆనకట్టను తలచువారు అరుదు. నీరు రానినాడు రైతు తన చేని బోదె నుండి పిల్లకాలువకు, పిల్లకాలువ నుండి పెద్దకాలువకు, అచ్చటినుండి లాకు వరకు గట్టు వెంబడి నడచిపోయి, నీరు ఎచ్చట నిలిచినదో కండ్లారా చూచును. కంప్యూటరులో లోపమును కనుగొనుటకును ఇంతకు మించిన రహస్యము లేదు. ఒక్కొక్క మెట్టు వెనుకకు నడచి, పని ఎచ్చటివరకు జరిగినదో, ఎచ్చట ఆగినదో గుర్తించుటయే ఆ విద్య. లైనక్స్ అను వ్యవస్థ ఈ విద్యను అభ్యసింపగోరువారికి గట్టు మీద నడచు హక్కును పూర్తిగా ఇచ్చును. అందువలననే అది విద్యార్థులకు మేలైన పాఠశాల.

ఈ విషయము మన కళాశాలలకు నేడు మరింత అవసరమైనది. విండోస్ 10 అను వ్యవస్థకు దాని తయారీదారులు సాధారణ మద్దతును 2025 అక్టోబరు 14వ తేదీతో ముగించిరి. దాని తరువాతి వ్యవస్థ కొన్ని భద్రతా పరికరములు లేని పాత యంత్రములను అంగీకరింపదు. కాబట్టి చక్కగా పనిచేయుచున్న యంత్రములను మూలపడవేయుటయా, లేక వేరొక వ్యవస్థతో నడుపుటయా అను ప్రశ్న అనేక ప్రయోగశాలల ముందు నిలిచియున్నది.

లైనక్స్ పుట్టుక

1983 సెప్టెంబరులో అమెరికాలో రిచర్డ్ స్టాల్‌మన్ గ్నూ అను ప్రణాళికను ప్రకటించెను. ఎవరైనను నడుపుటకు, చదువుటకు, మార్చుటకు, ఇతరులకు పంచుటకు వీలైన వ్యవస్థను నిర్మించుట ఆయన ఆశయము. 1991 ఆగస్టు 25వ తేదీన ఫిన్లండు దేశమున హెల్సింకి విశ్వవిద్యాలయ విద్యార్థి లీనస్ టోర్వాల్డ్స్, తాను వినోదమునకై ఒక వ్యవస్థను వ్రాయుచున్నానని తెలిపి, ఇతరుల అభిప్రాయములను కోరెను. అప్పటికి అతని వయస్సు 21 సంవత్సరములు. అతడు వ్రాసిన కెర్నలు, అనగా యంత్రాంగమును నడపు మూలభాగము, గ్నూ వారి పరికరములతో కలిసి పూర్తి వ్యవస్థ అయినది. 1993లో డెబియన్, 2004లో ఉబుంటు అను సంకలనములు వెలువడినవి. ఉబుంటు అనునది దక్షిణాఫ్రికా ప్రజల మాట. తోటివారి వలననే మనిషి మనిషి అగునను భావము అందులో ఇమిడియున్నది.

తెలుగు నేలపై హైదరాబాదులోని స్వేచ్ఛ అను సంస్థ ఈ మార్గములో గణనీయమైన కృషి చేసినది. దాని స్వచ్ఛంద కార్యకర్తలలో ఇంజనీరింగు కళాశాలల విద్యార్థులు ఎందరో కలరు. వారు డెబియన్ ఆధారముగా, తెలుగులో కనబడు వ్యవస్థను రూపొందించిరి. కేంద్రప్రభుత్వ సంస్థయైన సీ-డాక్ రూపొందించిన బాస్ అను సంకలనము కూడ తెలుగుతో సహా అనేక భారతీయ భాషలలో లభించును. పొరుగున కేరళ రాష్ట్రము తన ప్రభుత్వ పాఠశాలలలో కంప్యూటరు విద్యను స్వేచ్ఛా సాఫ్టువేరుతోనే నడుపుచున్నది.

నిర్వాహకుని అధికారము

లైనక్స్‌లో సామాన్య వాడుకరికి తన గది మీద మాత్రమే అధికారము. రూట్ అను నిర్వాహకునికి ఇల్లంతటి మీద అధికారము కలదు. సుడో అను ఆజ్ఞ ద్వారా సామాన్యుడు కొంతసేపు ఆ అధికారమును పొందవచ్చును. అవసరమైనప్పుడే పొంది, పని ముగియగనే విడువవలెను. ఏలయన ఆర్ఎం అను ఆజ్ఞతో తొలగించిన దస్త్రము చెత్తబుట్టలోనికి పోదు, మరల దొరుకునను భరోసాయు లేదు. కావున మొదటి నియమము ఇది: అర్థము తెలియని ఆజ్ఞను నిర్వాహకుని అధికారముతో ఎన్నడును నడుపరాదు. చాల ఆజ్ఞలకు వ్యవస్థలోనే ఒక వివరణ పత్రము ఉండును. మ్యాన్ అని టైపు చేసి, ప్రక్కన ఆజ్ఞ పేరును చేర్చినచో అది తెరపై కనబడును.

ఆజ్ఞల పేర్లను ఈ వ్యాసమున ఉచ్చారణను బట్టి తెలుగులో వ్రాసితిమి. యంత్రమునకు మాత్రము వాటిని ఆంగ్ల చిన్న అక్షరములలో ఇయ్యవలెను.

లోపమును కనుగొను క్రమము

మొదటిది, లక్షణమును ఖచ్చితముగా చెప్పుకొనుట. “కంప్యూటరు పాడైనది” అనుట లక్షణము కాదు. “సంకేతపదము ఇచ్చిన పిమ్మట తెర ఒక్కసారి నల్లబడి, మరల సంకేతపదమునే అడుగుచున్నది” అనుట లక్షణము. రెండవది, నిన్న పనిచేసి నేడు పనిచేయనిచో నడుమ ఏమి మారినదో విచారించుట. మూడవది, వ్యవస్థ తనకు తానుగా వ్రాసికొను దినచర్యను చదువుట. జర్నల్‌సీటీఎల్ అను ఆజ్ఞ ఆ దినచర్యను చూపును. నాల్గవది, ఒక ఊహను మాత్రమే ఒకసారి పరీక్షించుట. ఒకేసారి నాలుగు మార్పులు చేసినచో, లోపము పోయినను ఏ మార్పు వలన పోయినదో తెలియదు. ఐదవది, చేసినదానిని పుస్తకములో వ్రాయుట.

మూడు ఉదాహరణములు

పైన చెప్పిన లక్షణమునే తీసికొందము. సంకేతపదము సరియైనదే, అయినను తెర మరల మొదటికే వచ్చుచున్నది. దీనికి సామాన్యముగా కనబడు కారణములలో ఒకటి డిస్కు నిండిపోవుట. లోనికి ప్రవేశించునప్పుడు వ్యవస్థ కొన్ని చిన్న దస్త్రములను వ్రాయవలసియుండును. చోటు లేనందున వ్రాయజాలక వెనుకకు త్రిప్పును. అట్టి సమయమున కంట్రోల్, ఆల్ట్ మీటలతో ఎఫ్3 మీటను కలిపి నొక్కినచో, బొమ్మలు లేని అక్షరముల తెర వచ్చును. అచ్చట డీఎఫ్ అను ఆజ్ఞ ఏ విభాగము ఎంత నిండినదో చూపును. డీయూ అను ఆజ్ఞ ఏ సంచయము ఎంత చోటు ఆక్రమించినదో చెప్పును. ఎక్స్‌ట్4 అను దస్త్రవ్యవస్థ మామూలుగా నూటికి 5 వంతుల చోటును నిర్వాహకునికై దాచియుంచును. అందువలననే సామాన్యునికి చోటు లేనప్పుడు కూడ నిర్వాహకుడు లోనికి పోయి శుభ్రము చేయగలడు. ఆపదకు ముందే ఆలోచించిన వారి ఏర్పాటు ఇది.

రెండవది ఇంటర్నెట్టు రాకపోవుట. ఇచ్చట మెట్లు మెట్లుగా నడువవలెను. యంత్రములో వైర్‌లెస్ పరికరమున్నట్లు ఎల్ఎస్‌పీసీఐ ఆజ్ఞ చూపుచున్నదా? చూపినచో దానిని నడపు డ్రైవరు, ఫర్మ్‌వేరు ఉన్నవా? పరికరమునకు అంకెల చిరునామా లభించినదా? గదిలోని రౌటరు పింగ్ ఆజ్ఞకు బదులిచ్చుచున్నదా? బయటి అంకెల చిరునామా బదులిచ్చుచున్నదా? అంకెలకు బదులు వచ్చి, పేర్లకు రానిచో లోపము తీగెలో లేదు, పేర్లను అంకెలుగా మార్చు సేవలో కలదు. ఇట్లు ఐదు ప్రశ్నలతో సమస్య యొక్క చోటు తేలిపోవును. 2023 జూనులో వచ్చిన డెబియన్ 12 నుండి అవసరమైన ఫర్మ్‌వేరును అధికారిక స్థాపకములోనే చేర్చుట వలన రెండవ మెట్టులో ఆగువారి సంఖ్య తగ్గినది.

మూడవది వింతగా తోచును. వలయము చక్కగా ఉన్నది, కాని భద్రత గల పుటలు తెరచుకొనవు. క్రొత్త భాగములను దింపబోయినచో “ఇది ఇంకను చెల్లదు” అను భావము గల సందేశము వచ్చును. దోషము వలయముది కాదు, గడియారముది. పాత యంత్రము లోపలి నాణెము వంటి మూడు వోల్టుల బ్యాటరీ శక్తిని కోల్పోయినప్పుడు, విద్యుత్తు పోయి వచ్చునప్పటికి గడియారము ఏనాటి తేదీకో వెనుకబడును. భద్రతా పత్రములకు ఆరంభపు తేదీయు, ముగింపు తేదీయు ఉండును. గడియారము వెనుకబడిన యంత్రమునకు నేటి పత్రము భవిష్యత్తులోని పత్రముగా కనబడును. టైమ్‌డేట్‌సీటీఎల్ ఆజ్ఞతో కాలమును చూచి సరిచేసి, బ్యాటరీని మార్చినచో సమస్య తీరును. విండోస్, లైనక్స్ రెండును ఒకే యంత్రముపై ఉన్నప్పుడు గడియారములో సరిగా ఐదున్నర గంటల తేడా వచ్చుటకు కారణము వేరు. విండోస్ యంత్రపు గడియారమును స్థానిక కాలముగా తలచును, లైనక్స్ దానిని ప్రపంచ ప్రామాణిక కాలముగా తలచును. తేడా ఐదున్నర గంటలనగనే కారణము తానే చెప్పుకొనుచున్నది.

విద్యుత్తును గూర్చి ఒక హెచ్చరిక. డిస్కుపై వ్రాయుచుండగా విద్యుత్తు ఆగినచో దస్త్రములు చెడవచ్చును. ఎక్స్‌ట్4 తాను చేయబోవు మార్పులను ముందుగా ఒక చిట్టాలో వ్రాసికొనుటచే దస్త్రవ్యవస్థ చాలవరకు నిలబడును. కాని అప్పుడే వ్రాయుచున్న పాఠము పోవచ్చును. ఎఫ్ఎస్‌సీకే అను పరీక్షను, వాడుకలో ఉన్న విభాగముపై ఎన్నడును నడుపరాదు. యుఎస్‌బీ నుండి వ్యవస్థను ప్రారంభించి నడుపవలెను.

సహాయమును అడుగు విధము

లైనక్స్ వెనుక ఒక యజమాని లేడు, వేలకొలది సహాయకులు కలరు. వారు జీతమునకు కూర్చున్నవారు కారు. తమ తీరిక వేళను ఇచ్చువారు. కావున అడుగువాడు తన వంతు పనిని ముందుగా చేయవలెను. సంకలనము పేరు, దాని సంఖ్య, యంత్రపు వివరము, వచ్చిన సందేశము అక్షరము పొల్లుపోకుండ, అంతకు ముందు ఏమి మార్చినది, ఇంతవరకు ఏమి ప్రయత్నించినది – ఈ ఆరును ఉన్న ప్రశ్నకు జవాబు త్వరగా వచ్చును. “పనిచేయుటలేదు, సాయము చేయుడు” అను ప్రశ్నకు ఎంతటి పండితుడును జవాబు చెప్పజాలడు. సంకేతపదములను మాత్రము ఎవరికిని చెప్పరాదు.

వచ్చిన సలహాను గ్రుడ్డిగా పాటింపరాదు. అనుమతుల చిక్కు వచ్చినప్పుడెల్ల అందరికిని అన్ని అధికారములు ఇచ్చివేయుమని చెప్పువారు కలరు. అది ఇంటి తాళము పోయినదని తలుపునే పెరికివేయుట వంటిది. సమస్య తీరిన పిమ్మట ఎట్లు తీరినదో అందరికిని తెలియజేయుట అడిగినవాని ఋణము. ఆ నాలుగు పంక్తులు రేపు మరియొకనికి జవాబగును.

మన రెండు భాషలు

ఉర్దూ, తెలుగు రెండును నేర్చు కళాశాలకు ఇందు ప్రత్యేకమైన ఆసక్తి ఉండవలెను. ఉర్దూ కుడినుండి ఎడమకు నడుచును, నస్తాలీఖ్ లిపిలో పదము వాలుగా దిగును. తెలుగులో గుణింతములు, వత్తులు అక్షరము పైనను క్రిందను చేరును. యూనికోడ్ ఈ రెండు లిపులకును స్థానమిచ్చినది. తెలుగుకు కేటాయించిన ఖండములో 128 స్థానములు కలవు. అయితే సంఖ్యలను చూచి అక్షరముల ఆకృతిని కూర్చువాడు ఒకడు కావలెను. లైనక్స్‌లో ఆ పని చేయు సాధనము హర్ఫ్‌బజ్. ఆ పేరు పారసీక పదముల నుండి వచ్చినది. ఉర్దూ విద్యార్థులకు “హర్ఫ్” అనగా అక్షరమని వేరుగ చెప్పనక్కరలేదు. “బాజ్” అనగా తెరచినది. ఆ తెరచిన అక్షరమే మన తెలుగు వత్తులను కూడ సరిగా కూర్చుచున్నది. ఉర్దూ వాక్యము నడుమ తెలుగు మాట వచ్చినప్పుడు వరుస తారుమారైనచో, ఆ లోపమును గుర్తించి తెలుపగలవారు రెండు లిపులను చదువగలవారే. ఈ సేవకు ప్రోగ్రాము వ్రాయనేర్చియుండనక్కరలేదు.

విద్యార్థులకు, కార్యవర్గమునకు

లైనక్స్‌కు అనుమతి రుసుము లేదనుట సత్యము. కాని నిర్వహణకు శ్రమ లేదనుట అసత్యము. ఒక తెలివిగల విద్యార్థి ప్రయోగశాలనంతయు ఏర్పరచి, సంకేతపదమును తన మనస్సులోనే ఉంచుకొని పట్టము పుచ్చుకొని వెడలిపోయినచో, తరువాతి సంవత్సరము ఆ గదికి తాళమే గతి. కావున కార్యవర్గము వారు మూడు ఏర్పాట్లు చేయుట మేలు. మొదటిది, ప్రతి యంత్రమునకు జరిగిన మార్పులను తేదీతో సహా వ్రాయు ఒక రిజిస్టరు. రెండవది, చివరి సంవత్సరపు విద్యార్థికి మొదటి సంవత్సరపు విద్యార్థిని జతపరచి, పనిని నేర్పించుట. మూడవది, దస్త్రములకు మూడు ప్రతులు. వాటిలో రెండు వేరువేరు రకముల పరికరములపై, ఒకటి వేరొక ఊరిలో ఉండవలెను. 1986 ఆగస్టు గోదావరి వరదను, 1996 నవంబరు 6వ తేదీ తుపానును చూచిన కోనసీమ వారికి, ఒకే గదిలో ఉన్న రెండు ప్రతులు ఒకే ప్రతి అని వివరింపనక్కరలేదు. ఆ ప్రతులనుండి దస్త్రములు నిజముగా తిరిగి వచ్చునో రాదో ఏటేట ఒకసారి పరీక్షింపవలెను.

విద్యార్థి మిత్రులారా! అమలాపురములోనో, రాజోలులోనో, కొత్తపేటలోనో ఒక పాత యంత్రము మీ చేతికి వచ్చినచో దానిని విప్పిచూచుటకు సంకోచింపకుడు. ముందుగా ప్రతి తీయుడు, పిదప ప్రయత్నింపుడు. తెలియనిదానిని అడుగుడు, తెలిసినదానిని వ్రాయుడు. మీరు ఈనాడు తెలుగులోనో ఉర్దూలోనో వ్రాసియుంచిన ఒక పుట, మీ పేరు కూడ ఎరుగని ఒక విద్యార్థికి రేపు దారి చూపును.