ఓడమీది గీత

రేవులో నిలిచియున్న సరకుల ఓడను చూచినవారికి దాని ప్రక్కన, నడిమి భాగమునందు, ఒక వలయమును, ఆ వలయమును అడ్డముగా ఖండించు గీతయు కన్పట్టును. దాని చెంతనే నిచ్చెనమెట్లవలె మఱికొన్ని చిన్న గీతలుండును. విశాఖపట్టణపు రేవునకు వచ్చు పెద్ద ఓడలపైనను వీనిని చూడవచ్చును. రంగుతో వేసిన ఈ చిన్న గుర్తు వెనుక వేలకొలది నావికుల ప్రాణముల కథ యున్నది.

ఉక్కు నీట మునుగును గదా, ఉక్కు ఓడ ఎట్లు తేలుచున్నది? వస్తువు యొక్క ద్రవ్యరాశిని దాని ఘనపరిమాణముచే భాగింపగా వచ్చునది సాంద్రత. ఒక ఘనపు మీటరు మంచినీరు ఇంచుమించు 1000 కిలోగ్రాములుండును. అంతే ఉక్కు దాదాపు 7,850 కిలోగ్రాములు. కాని ఆ ఉక్కునే రేకులుగా సాగగొట్టి, లోపల గాలికి చోటుంచి, తొట్టివలె నిర్మించినచో ద్రవ్యరాశి మారదు, ఆక్రమించు చోటు మాత్రము ఎన్నో రెట్లు పెరుగును. అప్పుడు ఓడ మొత్తము సాంద్రత నీటి సాంద్రతకంటె తక్కువయగును. ఖాళీ ఇత్తడి బిందె చెఱువులో తేలుటయు ఇట్టిదే. తేలు వస్తువు తన బరువునకు సమానమైన బరువుగల నీటిని తొలగించును. కావున సరకు నింపినకొలది ఓడ లోతునకు దిగును. అమితముగా దిగిన ఓడపైకి అలలు సులభముగా ఎక్కును. గాలియున్న చోట నీరు నిండి, ఓడ సాంద్రత నీటి సాంద్రతను మించెనా, ఇక దానిని తేల్చగల శక్తి లేదు.

పందొమ్మిదవ శతాబ్దమున ఇంగ్లండులో కొందఱు యజమానులు శిథిలమైన ఓడలను మితిమీఱి నింపి, భీమా చేయించి పంపుచుండిరి. ఓడ గమ్యము చేరినచో లాభము, మునిగినచో భీమా సొమ్ము. పోవునది నావికుని ప్రాణమే. ఒప్పందముపై చేవ్రాలు చేసిన పిదప ఓడ నెక్కనన్న నావికుని చెఱసాలకు పంపుచుండిరి. అట్టి ఓడలను జనులు శవపేటికలని పిలిచిరి.

శామ్యూల్ ప్లిమ్సాల్ నావికుడు కాడు, బొగ్గు వర్తకుడు. 1868లో డెర్బీ నగరమునుండి పార్లమెంటునకు ఎన్నికయ్యెను. 1873లో నావికుల దుఃస్థితిని గూర్చి గ్రంథము ప్రకటింపగా కొందఱు యజమానులు అతనిపై వ్యాజ్యములు వేసిరి. 1875 జూలై 22వ తేదీన, ఓడల భద్రతకు సంబంధించిన బిల్లును విరమించుచున్నామని ప్రధానమంత్రి డిజ్రేలీ ప్రకటించెను. ప్లిమ్సాల్ కోపము పట్టలేక, సభలోనే పిడికిలి బిగించి, ఆ యజమానులను దుర్మార్గులని నిందించెను. సభామర్యాద దప్పినందులకు పిదప క్షమాపణ చెప్పుకొనవలసివచ్చినది. కాని ప్రజలు అతని పక్షమే వహించిరి. 1876లో ఓడపై గీత ఉండవలెనను చట్టము వచ్చినది. వింత యేమనగా, ఆ గీతను ఎచ్చట గీయవలెనో నిర్ణయించు అధికారము యజమానికే విడిచిరి! ఒక కెప్టెను దానిని పొగగొట్టముపై వేయించెనని చెప్పుదురు. గీత స్థానమును సయితము చట్టము నిర్ణయించుటకు 1890 వఱకు ఆగవలసివచ్చినది.

గీత ఒక్కటి చాలదా, ఇన్ని గీతలేల? నీరు అన్నిచోట్ల ఒక్కటి కాదు. ఉప్పు కరిగియున్నందున సముద్రజలము ఘనపు మీటరునకు దాదాపు 1,025 కిలోగ్రాములుండును. సరకుతో కూడి 10,000 టన్నులున్న ఓడ సముద్రమున 9,756 ఘనపు మీటర్ల నీటిని తొలగించిన చాలును. నదిలో 10,000 తొలగింపవలెను. నీటిమట్టమున దాని వైశాల్యము 1,500 చదరపు మీటర్లైనచో, బంగాళాఖాతమునుండి హుగ్లీ నదిలోని కోల్‌కతా రేవు చేరుసరికి ఒక్క బస్తాయైనను ఎక్కింపకయే ఓడ 16 సెంటీమీటర్లు దిగును. అందులకే మంచినీటి గీత పైగా నుండును.

వేడిమియు నీటిని మార్చును. ద్రవ్యరాశి అట్లేయుండ, ఘనపరిమాణము పెరుగును, సాంద్రత తగ్గును. సముద్రజలము 0 డిగ్రీలనుండి 30 డిగ్రీల సెల్సియసునకు వేడెక్కినచో ఘనపు మీటరునకు 1,028 కిలోగ్రాములనుండి ఇంచుమించు 1,022 కిలోగ్రాములకు తగ్గును. ఉష్ణమండలపు గీత పైనను, శీతకాలపు గీత క్రిందను ఉండుటకు ఇదియే కారణమని పలువురు తలతురు. లెక్క వేసి చూచినచో అది చాలదని తేలును. పై ఓడ వేసవి గీతవఱకు 7.2 మీటర్లు దిగుననుకొందము. ఉష్ణమండలపు గీత దానికి 15 సెంటీమీటర్లు పైనను, శీతకాలపు గీత 15 సెంటీమీటర్లు క్రిందను ఉండును, మొత్తము 30. సాంద్రతాభేదమువలన కలుగు మార్పు నాలుగు సెంటీమీటర్లే. తక్కినది శీతకాలపు తుపానులకును, ఎత్తైన అలలకును భయపడి విడిచిన జాగ్రత్త. ఉత్తర అట్లాంటిక్ సముద్రపు శీతకాలమునకు చిన్న ఓడలపై అన్నిటికంటె దిగువగా మఱియొక గీత గీయుదురు.

నదీముఖమునందలి రేవులలో నీరు పూర్తిగా ఉప్పనిదియు కాదు, చప్పనిదియు కాదు. అందుచే సరకు నింపునపుడు ఓడ అధికారి ఒక బొక్కెనతో రేవు నీటిని తోడించి, దానిలో హైడ్రామీటరును తేల్చి సాంద్రతను కొలుచును. అది 1,010 అయినచో, పై ఓడను గీతకంటె ఇంచుమించు పది సెంటీమీటర్లు లోతుగా నింపవచ్చును. ఓడ సముద్రమును చేరినంతనే ఆ గీత తిరిగి నీటిమట్టమునకు వచ్చును.