గీతల గ్లాసా, నున్నటి గ్లాసా?

పాత కారు హెడ్‌లైట్ గ్లాసు పగిలింది, కంపెనీ సామాను దొరకడం లేదు, "ఒకటి చేసి పెట్టవయ్యా" అంటూ కస్టమరు వచ్చాడు. హనుమాన్ జంక్షన్‌లో షెడ్డు నడిపేవాళ్లకు ఈ బేరం ఎప్పుడో ఒకప్పుడు తగులుతుంది. సరే అనే ముందు గ్లాసును వెలుతురుకు పెట్టి చూడండి.

దాని మీద గీతలో గళ్లో ఉంటే ఆ పని ఒప్పుకోవద్దు. పాత డూముల్లో రిఫ్లెక్టరు వెలుగును తిన్నగా తోస్తుంది, అంతే. దాన్ని రోడ్డు మీద పరిచి, ఎడమ మార్జిన్ చూపించేది ఆ గీతలే. వాటి బదులు నున్నటి ప్లాస్టిక్కు బిగిస్తే డిమ్ కొట్టినా ఎదుటివాడి కళ్లలోనే పడుతుంది. రాత్రిపూట హైవే మీద లారీల మధ్య అలాంటి బండిని వదలడం నా మటుకు తప్పే. అంబాసిడర్ తయారీ 2014లో ఆగిపోయినా, దాని ఏడంగుళాల గుండ్రటి డూము జీపులకూ పడేదే. బెజవాడ ఆటోనగర్‌లో వెతికి కొత్తది వేయండి. అమెరికా నుంచి ఎవరైనా తెచ్చిస్తానంటే వద్దనండి. అక్కడ కుడి పక్కన నడుపుతారు, ఆ గ్లాసు వెలుగు కుడివైపుకే ఎగదన్నుతుంది.

గ్లాసు నున్నగా ఉండి, పని రిఫ్లెక్టరే చేస్తుంటే ధైర్యంగా మొదలుపెట్టండి. హీట్ గన్‌తో అంచు జిగురు మెత్తబరిచి గ్లాసు ఊడదీయండి. పగుళ్లకు బయట టేపు వేసి, లోపల సబ్బునీళ్లు రాసి, గిన్నెలా తిరగేసి అందులోనే ప్లాస్టర్ ఆఫ్ ప్యారిస్ పోయండి. పైనుంచి అచ్చు తీస్తే కొత్త గ్లాసు షీటు మందమంత పెద్దదై అంచులో కూర్చోదు. అచ్చు పూర్తిగా ఎండాలి. మన డెల్టా వానాకాలంలో ఇదే పెద్ద తంటా, తడి ఉంటే ఆవిరి లేచి షీటు మసకేస్తుంది.

అక్రిలిక్ షీటు చవకే గానీ వంద డిగ్రీల చుట్టుపక్కలే మెత్తబడుతుంది, హాలోజన్ బల్బు ముందు నమ్మలేం. పాలీకార్బొనేటే వాడండి. అది గాలిలో తేమ పీల్చుకుంటుంది కాబట్టి ముందు ఓవెన్‌లో 120 డిగ్రీల దగ్గర కొన్ని గంటలు ఆరబెట్టాలి. లేకపోతే వంచడానికి వేడి చేసినప్పుడు 180 దాటేసరికి లోపల బుడగలు లేస్తాయి. ఫ్రేములో బిగించి ఓవెన్‌లో వేడి చేసి, షీటు నడుమ సమంగా జారగానే అచ్చు మీదికి ఒక్క ఊపులో దించాలి. అడుగున బెజ్జాల పెట్టె పెట్టి వ్యాక్యూమ్ క్లీనరుతో గాలి లాగితే మూలలు అంటుకుంటాయి. ఆ ఓవెన్‌లో మళ్లీ వంట చేయొద్దు.

కొత్త గ్లాసును అలవాటుకొద్దీ థిన్నరు గుడ్డతో తుడిచారో, సన్నటి పగుళ్లు వస్తాయి. సబ్బునీళ్లు చాలు. వెనిగర్ వాసన కొట్టే సిలికాన్‌తో అతికించకండి, ఆ ఆవిరికి రిఫ్లెక్టరు మెరుపు పోతుంది. బయట యూవీ కోటింగ్ వేయకపోతే మన ఎండలకు పచ్చబడుతుంది, ఆ సంగతి కస్టమరుకు ముందే చెప్పి బిల్లు మీద రాయండి.

బిగించాక రాత్రి గోడ ముందు డిమ్ చూడండి. 1989 కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 106వది అడిగేది ఇది: 8 మీటర్ల దూరంలో, లైటుకు అర మీటరు కుడిగా, నేలకు మీటరున్నర ఎత్తులో కళ్లున్న మనిషికి మిరుమిట్లు గొలపకూడదు. తేడా ఉంటే బండి ఇవ్వకండి. అచ్చు పారేయకుండా బండి పేరు, ఏ పక్కదో మార్కరుతో రాసి అటక మీద పెట్టండి. ఎడమది కుడికి పట్టదు.