పారువేటయు, వింటి వేటయు

ప్రతి సంవత్సరమును సంక్రాంతి మరునాడు, కనుమ పండుగ దినమున, తిరుమలలో శ్రీ మలయప్పస్వామివారు పంచాయుధములు ధరించి పారువేట మండపమునకు వేంచేయుదురు. శ్రీకృష్ణస్వామివారును వెంట బయలుదేరుదురు. ఆస్థానము, నివేదనము అయిన పిమ్మట అర్చకులు స్వామివారి పక్షమున కొంతదూరము ముందునకు పరుగిడి, ఈటె విసరి మరలి వత్తురు. ఇట్లు ముమ్మారు జరుగును. ఈ ఉత్సవమును సేవించిన భక్తులలో కొందరికైనను ఒక సందేహము పొడముట సహజము. దయాసముద్రుడైన స్వామికి వేట యేల? దుష్టశిక్షణకు ఇది సంకేతమని పెద్దలందురు. ఆ మాట నిజమే. కాని వేట యనగా నేమో, ముఖ్యముగా వింటితో మృగమును వేటాడుట యెట్టి విద్యయో తెలిసినవారికి ఈ ఉత్సవము మరికొంత లోతుగా బోధపడును.

బెంగుళూరునుండి ముళబాగలు, పలమనేరుల మీదుగా తిరుపతికి వచ్చు యాత్రికులు మొగిలి కనుమ దిగునపుడు ఇరువైపుల కొండలను చూచియే యుందురు. పలమనేరు, కుప్పము ప్రాంతముల అడవులలో 1990లో కౌండిన్య అభయారణ్యము ఏర్పడినది. ఏనుగులకు అది ప్రసిద్ధమైనను దుప్పులు, కణుతులు కూడ అందు కలవు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము వలన ఈ మృగములను వేటాడుట నేరము. కావున ఇచట చెప్పునది ఆచరించుటకు కాదు. మన పురాణములలోని వేటకథలు చక్కగా అర్థమగుటకు మాత్రమే.

అడవిని నమ్ముకొని బ్రదికిన జాతులలో పిల్లవాని చేతికి మొదట చిన్న వెదురువిల్లు వచ్చును. కాయనో, మొద్దునో గురిగా పెట్టుకొని వాడు కొట్టుచుండును. నారిని లాగిన చేయి ప్రతిసారి చెక్కిలిమీద ఒకే చోటికి రావలెను. అది వేలెడు తప్పినను బాణము మూరెడు తప్పును. మన కావ్యములలో "ఆకర్ణాంతము" లాగుట యని వినుచుందుము గదా, అది వర్ణన కొరకు పుట్టిన మాట కాదు. చెవి చెంతకు నారి వచ్చుట విలుకానికి కొలత.

గురి కుదిరినంత మాత్రమున వేట రాదు. జింకకు కన్నులకంటె ముక్కు, చెవులు వాడి. పిడికెడు దుమ్ము వదలి గాలి యెటు వీచుచున్నదో చూచి, ఎదురుగాలిలోనే దానిని సమీపింపవలెను. ఎండుటాకు మీద అడుగు పడరాదు. చెట్టుమీది కొండముచ్చు చూచి అరచెనా, క్రింద మేయు దుప్పులమంద అంతయు తల లెత్తును. ఆనాటి శ్రమ వ్యర్థము. ఇరువది, ముప్పది అడుగుల దూరమునకు చేరిన పిమ్మట కూడ మృగము ప్రక్కకు తిరుగువరకు వేచియుండవలెను. ముందుకాలి జబ్బ వెనుక, గుండె, ఊపిరితిత్తులు ఉండు చోటనే బాణము నాటవలెను. ఎదురుగా నిలిచినను, వెనుదిరిగినను, నడుమ ఒక రెమ్మ అడ్డువచ్చినను వదలరాదు. తగిలిన తరువాత వెంటనే పరుగెత్తరాదు. బాణము తగిలిన జింకను తరిమినచో అది దూరముగా పోయి, ఎవరికిని చిక్కక, బాధతో చచ్చును. కొంతసేపు కదలక కూర్చుండి, పిదప నెత్తుటి జాడను పట్టి పోవలెను.

నేర్చుకొనువానికి వీని యన్నింటిలో కఠినమైనది వేరొకటి కలదు. చెవిదాక లాగిన నారిని వదలక, మెల్లగా తిరిగి సడలించుట. కండరములు వణకును, ఆకలి తొందరపెట్టును, మృగము ఎదుటనే యుండును. అపుడు చేయి ఆగవలెను.

చేయి ఆగని కథలు మన ఇతిహాసములలో ఎన్ని! యువరాజుగా నున్న దశరథుడు వానకాలపు రాత్రి సరయూతీరమున కడవ మునుగు ధ్వని విని, ఏనుగు నీరు త్రాగుచున్నదని తలచి శబ్దవేధి ప్రయోగించెను. కూలినవాడు ముని బాలకుడు. ఆ శాపమే అతని చివరి రాత్రి వరకు వెంబడించినది. పాండురాజు జతగూడియున్న లేళ్లను కొట్టెను. మృగరూపమున నున్న కిందమముని అతనిని నిందించిన తీరు గమనింపదగినది. వేటాడితి వని ఆయన తప్పు పట్టలేదు. వేచియుండక ఆ సమయమున కొట్టితి వని తప్పు పట్టెను.

వీరిద్దరును రాజులు, వేట వారికి వినోదము. జరుడు అట్టివాడు కాడు. వేట వాని జీవనము. భాగవతము ఏకాదశస్కంధమున యాదవనాశము తరువాత శ్రీకృష్ణుడు అశ్వత్థవృక్షము క్రింద కూర్చుండియుండగా, ఎఱ్ఱని ఆ పాదమును లేడిముఖమని భ్రమించి జరుడు బాణము వేసెను. ముసలమున మిగిలిన ఇనుపముక్కయే ఆ బాణపు ములికి. వేటగాని నియమము ననుసరించి చూచినచో వాడు చూచినది ముఖమువంటి దొక్కటియే. జబ్బ కానరాలేదు, ప్రక్క కానరాలేదు. జీవితమంతయు అడవిలో గడపినవాడు ఆ పూట ఏల తొందరపడెనో! దైవసంకల్పమని వ్యాఖ్యాతలు చెప్పుదురు. భగవానుడును అదియే చెప్పెను. నా మనస్సును కదలించునది దానికి ముందటి మాట. చతుర్భుజుని చూచి పాదములపై పడి వాడు క్షమింపుమని మాత్రము కోరి యూరకుండలేదు. మరల ఇట్టి అపరాధము చేయకుండునట్లు తన్ను వెంటనే చంపుమని వేడుకొనెను. స్వామి భయపడకు మని లేవనెత్తి, పుణ్యలోకమునకు పంపెను.

ఇక మన స్వామి వేట. వేంకటాచల మాహాత్మ్యమున శ్రీనివాసుడు గుఱ్ఱమెక్కి ఏనుగును తరుముచు నారాయణవనపు పూదోటకు వచ్చును. ఏనుగు కథ అంతటితో సరి, దొరికినది పద్మావతి. ఆమె చెలులు రువ్విన రాళ్లకు గుఱ్ఱము పడినది గాని స్వామి బాణమునకు ఏ ప్రాణియు పడలేదు. కనుమనాడు అర్చకులు విసరు ఈటెయు నేలనే తాకును.

అహోబిలమున పారువేట ఇంకను విశేషము. కనుమనాడు మొదలిడి నలువది దినములకు పైగా నరసింహస్వామి పల్లకిలో చుట్టుపట్ల గ్రామములు తిరిగి, తన కల్యాణమునకు రమ్మని జనులను తానే పిలుచునని ప్రతీతి. చెంచులక్ష్మి పుట్టినింటివారైన చెంచులకు ఈ ఉత్సవమున తొలి మర్యాద కలదు. వారు తమ వేషముతో, తాత తండ్రులనాటి విండ్లతో వచ్చి, అల్లుని పల్లకి బయలుదేరు వేళ దానివైపు బాణములు వదలి వందనము చేయుదురు.