వక్ఫ్ ఆస్తి అద్దె ఎవరి హక్కు?

హిజ్రీ 7వ సంవత్సరంలో ఖైబర్ విజయం తర్వాత హజ్రత్ ఉమర్ (రజి)కు అక్కడ కొంత భూమి లభించింది. అంతకన్నా విలువైన ఆస్తిని తాను ఎన్నడూ పొందలేదని ఆయన భావించారు. దైవప్రవక్త (సఅసం) సన్నిధికి వెళ్ళి ఆ భూమిని ఏం చేయాలో చెప్పమని అడిగారు. కావాలనుకుంటే అసలును అట్టిపెట్టి, దాని ఫలాన్ని దానం చేయవచ్చని ఆయన (సఅసం) సలహా ఇచ్చారు. హజ్రత్ ఉమర్ (రజి) అలాగే చేశారు. ఆ భూమిని ఎవరూ అమ్మరాదు, కానుకగా ఇవ్వరాదు, వారసులు పంచుకోరాదు. దాని పంట పేదలకు, బంధువులకు, బానిసల విముక్తికి, దైవమార్గానికి, బాటసారులకు, అతిథులకు చెందాలి. దాన్ని చూసుకునే వ్యక్తి ధర్మసమ్మతమైన మేరకు అందులో నుంచి తినవచ్చు గాని, కూడబెట్టుకోరాదు. ఈ హదీసు బుఖారీ, ముస్లిం గ్రంథాలు రెండింటిలోనూ ఉంది. తన తదనంతరం ఈ ఆస్తి నిర్వహణను ఆయన తన కుమార్తె, విశ్వాసుల మాతృమూర్తి హజ్రత్ హఫ్సా (రజి)కు అప్పగించినట్లు అబూ దావూద్ గ్రంథంలో ఉంది. ముతవల్లీ పదవి మగవారికే సొంతమనుకునే సోదరులు ఈ సంగతి గమనించాలి.

అరబీలో వక్ఫ్ అంటే ఆపి ఉంచడం. మామూలు సదఖాకూ దీనికీ తేడా అక్కడే ఉంది. ఒక వితంతువుకు నెలకు సరిపడా బియ్యం ఇస్తే అది సదఖా. అది గొప్ప పుణ్యమే, కాని వచ్చే నెల ఆమె మళ్ళీ ఎవరో ఒకరి గడప ఎక్కాలి. ఒక దుకాణాన్ని వక్ఫ్ చేసి, దాని అద్దె వితంతువులకు చెందాలని రాస్తే, ఇచ్చినవాడు సమాధిలోకి చేరిన తర్వాత కూడా ఆ బియ్యం ఆమె ఇంటికి చేరుతూనే ఉంటుంది. ఆమె ఎవరి ముందూ చేయి చాచనవసరం లేదు. మరణంతో మనిషి కర్మలు ఆగిపోయినా ఆగని మూడింటిలో సదఖా జారియాను దైవప్రవక్త (సఅసం) పేర్కొన్నారు. ధర్మవేత్తలు దానికి మొదటి ఉదాహరణగా చెప్పేది వక్ఫ్‌నే.

హజ్రత్ ఉస్మాన్ (రజి) రూమా బావిని కొని ముస్లిములందరికీ ఇచ్చినప్పుడు, తన చేదకు ఇతరుల చేదల కన్నా ఎక్కువ హక్కు ఉంచుకోలేదు. (ఆ బావి పేరిట నేటికీ బ్యాంకు ఖాతా ఉందంటూ సెల్‌ఫోన్లలో తిరిగే కథల జోలికి మేము పోము. హదీసు చాలు.)

మన నగరం సంగతి చూద్దాం. నయాపూల్ దాటి చార్మినార్ వైపు వెళ్ళేవారికి మదీనా బిల్డింగ్ తెలియనిది కాదు. అల్లాదీన్ వక్ఫ్‌కు చెందిన ఆ భవనంలోని దుకాణాల అద్దెలు మదీనా నగరంలోని పేదసాదల కోసం ఉద్దేశించినవి. అరబ్బు దేశపు చమురు సంపద సామాన్యులకు ఇంకా అందని రోజులవి. పాతబస్తీలో బట్టల బేరం, ప్రవక్త నగరంలో పేదవాడి రొట్టె! అలాగే మక్కాలో నిజాం రుబాత్ ఉంది. పూర్వపు హైదరాబాద్ సంస్థాన ప్రాంతాల హాజీలకు అది ఉచిత వసతి. అనుమతి లభించిన సంవత్సరాలలో ఖుర్రా తీసి హాజీలను ఎంపిక చేస్తారు. జీవితమంతా పైసా పైసా కూడబెట్టి హజ్‌కు బయలుదేరిన ఒక కుట్టుపనివానికి మక్కాలో గది అద్దె మిగలడమంటే ఏమిటో వేరే చెప్పాలా?

మరి దేశమంతటా పరిస్థితి ఏమిటి? 2006లో సచార్ కమిటీ ఇచ్చిన నివేదిక ప్రకారం, నమోదైన వక్ఫ్ ఆస్తులు 4.9 లక్షలకు పైగా, భూమి సుమారు 6 లక్షల ఎకరాలు, మార్కెట్ విలువ 1.2 లక్షల కోట్ల రూపాయలు. వాటిపై వచ్చే వార్షికాదాయం 163 కోట్లు మాత్రమే. అంటే నూరు రూపాయల ఆస్తి మీద ఏడాదికి సుమారు 14 పైసలు. సక్రమంగా వినియోగిస్తే ఏటా 12,000 కోట్లు రావచ్చని కమిటీ అంచనా వేసింది. ఎన్ని బడులు, ఎన్ని దవాఖానాలు, ఎందరు ఆడపిల్లల చదువులు ఆ తేడాలో కలిసిపోయాయో ఆలోచించండి.

ఈ మాట వినగానే మనం కబ్జాదారులనూ ప్రభుత్వాలనూ నిందిస్తాం. ఆ నిందలో న్యాయం లేకపోలేదు. కాని పాతబస్తీలో వక్ఫ్ మలిగీలు నడుపుతున్నవారెవరు? చాలావరకు మనమే. తాత కాలంలో కుదిరిన అద్దెనే మనవడు కడుతున్నాడు. కొందరైతే పగిడీ తీసుకుని మలిగీని మరొకరికి ఇచ్చి, అతని నుంచి బజారు రేటున వసూలు చేస్తున్నారు. ఒక మలిగీకి న్యాయమైన అద్దె నెలకు 20,000 రూపాయలు, వక్ఫ్‌కు చేరేది 500 అనుకుందాం. ఏడాదికి 2,34,000 రూపాయలు అనాథల నోటి దగ్గర నుంచి తీసుకున్నట్లే. ఆ దుకాణం గల్లా పైన బిస్మిల్లాహ్ పటం వేలాడుతూనే ఉంటుంది!

ఈ విషయంలో హనఫీ ధర్మవేత్తల తీర్పు స్పష్టం. వక్ఫ్ ఆస్తిని ‘ఉజ్రతె మిస్ల్’కు, అంటే అలాంటి ఆస్తికి ఆ ప్రాంతంలో నడిచే అద్దెకు, బాగా తగ్గించి ఇవ్వడం ముతవల్లీకి ధర్మసమ్మతం కాదు. దీర్ఘకాలపు కౌలును కూడా వారు ఇష్టపడలేదు. ఇళ్ళకు ఒక ఏడాది, భూములకు మూడేళ్ళు అని హద్దు పెట్టారు. కౌలుదారు కాలక్రమంలో యజమానిగా మారిపోతాడన్న భయమే దానికి కారణం. ఆ భయం ఎంత నిజమో మన బజార్లు చూస్తే తెలుస్తుంది.

రికార్డుల విషయంలోనూ మన అలసత్వం తక్కువేమీ కాదు. మణికొండలోని హజ్రత్ హుసేన్ షా వలీ (రహ్మ) దర్గా భూముల వ్యాజ్యం అందరికీ తెలిసిందే. 1989 గెజిట్‌లో దర్గా కింద కొద్దిపాటి స్థలమే నమోదైంది. 1,654 ఎకరాలకు పైగా భూమిని చేర్చుతూ సవరణ ప్రకటన వెలువడింది 2006లో. 2022 ఫిబ్రవరి 7న సుప్రీంకోర్టు ఆ ప్రకటనను కొట్టివేసి, భూమి రాష్ట్ర ప్రభుత్వానిదేనని తీర్పు చెప్పింది. ఆ తీర్పుపై ఎవరి అభిప్రాయం ఏదైనా, సమయానికి కాగితం లేనివాడు న్యాయస్థానంలో ఎంత బలహీనుడో మనకు తెలిసివచ్చింది. ఫిఖహ్ ప్రకారం నోటిమాటతో వక్ఫ్ నెరవేరుతుంది. కాని 2025 సవరణ చట్టం తర్వాత వక్ఫ్‌నామా లేకుండా కొత్త వక్ఫ్ చెల్లదు. కనుక రాసి, సాక్షులతో సంతకాలు చేయించి, నమోదు చేయించాలి. వీలునామా ద్వారా వక్ఫ్ చేసేవారు ఆస్తిలో మూడింట ఒక వంతు దాటరాదు. కూతుళ్ళ వాటా ఎగ్గొట్టడానికి వక్ఫ్‌ను సాకుగా వాడుకోవడం పుణ్యం కాదు, దౌర్జన్యం.

మసీదుకు ఇవ్వడానికి మన చేతులు త్వరగా లేస్తాయి, అల్‌హందులిల్లాహ్. అయితే తనకు అత్యంత ప్రియమైన బైరుహా తోటను దానమిచ్చిన హజ్రత్ అబూ తల్హా (రజి)కు, దాన్ని దగ్గరి బంధువులకు ఇవ్వమని దైవప్రవక్త (సఅసం) సూచించారు. ఒక్కరి వల్ల కాకపోతే పది కుటుంబాలు కలిసి ఒక గది కొని, దాని అద్దెను బస్తీలోని రోగుల మందులకు వక్ఫ్ చేయవచ్చు.

ఇక వక్ఫ్ మలిగీలో కూర్చున్న సోదరులు తరచూ అడిగే ప్రశ్న: “ముతవల్లీ సాబ్ ఒప్పుకున్న అద్దే కదా మేము కడుతున్నది, మాపై బాధ్యత ఏముంది?” దీనికి సమాధానం ఇది: ఆ సొమ్ము ముతవల్లీది కాదు గనుక దాన్ని వదులుకునే హక్కు ఆయనకు లేదు. న్యాయమైన అద్దె ఎంతో నలుగురు నమ్మకస్థులైన వర్తకులను అడిగి తెలుసుకుని, ఇకముందు అంతే చెల్లించాలి. గడిచిన కాలపు తేడాను లెక్కగట్టి, ఒకేసారి సాధ్యం కాకపోతే వాయిదాలుగానైనా, రసీదు తీసుకుని ఆ వక్ఫ్ ఖాతాకే జమ చేయాలి. ఆ తేడాను మరో చోట సదఖాగా ఇచ్చినంత మాత్రాన బాకీ తీరదు.