పేల్ ఏల్ రుచి మారిందని కస్టమర్ అంటే

బార్‌లోనో, బ్రూపబ్‌లోనో, లిక్కర్ స్టోర్‌లోనో పనిచేసేవాళ్లకు ఈ మాట కొత్త కాదు. ఏళ్ల తరబడి ఒకటే పేల్ ఏల్ తాగే మనిషి రెండు గుక్కలు తాగి గ్లాసు కింద పెట్టి, "ఇది ఇదివరకటిలా లేదండీ, ఏదో మార్చేశారు" అంటాడు. సిబ్బందిలో కొందరు "అదేం లేదు సార్, అదే బీరు" అని కొట్టిపారేస్తారు. ఇంకొందరు "అవునండీ, కంపెనీవాళ్లు రెసిపీ మార్చారట" అని తమకు తెలియని సంగతి చెప్పేస్తారు. రెండు జవాబులూ పనికిరావు. ఆ మనిషి నాలుక చాలాసార్లు నిజమే చెబుతుంది. కారణం మాత్రం ఎక్కువసార్లు బీరు బ్రూవరీ గేటు దాటి బయటికొచ్చాక జరిగినదాంట్లో ఉంటుంది. ఆ దారిలో ఆఖరి మజిలీ మీ కౌంటరే కాబట్టి, అసలేం జరుగుతుందో మీకు తెలిసి ఉండాలి.

అమెరికాలో అందరికీ తెలిసిన సియెరా నెవాడా పేల్ ఏల్‌నే తీసుకుందాం. కాలిఫోర్నియాలోని చీకో పట్టణంలో 1980లో మొదలైన బీరు ఇది. ఆల్కహాల్ 5.6 శాతం, చేదు 38 ఐబీయూ. దాని వాసనంతా కాస్కేడ్ అనే రకం హాప్స్ పువ్వులది. ఆరెగన్ రాష్ట్రంలో అభివృద్ధి చేసిన ఆ రకాన్ని 1972లో సాగుకు విడుదల చేశారు. పంపరపనస తొక్క గిల్లినట్టుండే వాసన, దాని వెనకే దేవదారు చెట్టు ఘాటు. పలచటి లాగర్లకు అలవాటుపడ్డ 1980ల అమెరికన్లకు అది గట్టి చేదు బీరు. తర్వాతి రోజుల్లో అంతకు రెట్టింపు చేదుతో, ఎన్నో రెట్ల హాప్స్‌తో ఇండియా పేల్ ఏల్స్, అంటే ఐపీఏలు వచ్చాయి. వాటికి అలవాటైన నాలుకకు ఇవాళ అదే బీరు మెత్తగా అనిపిస్తుంది. కాబట్టి "ముందులా ఘాటు లేదు" అనే కస్టమర్‌ను "ఈ మధ్య ఏ బీర్లు ఎక్కువ తాగుతున్నారండీ?" అని అడగండి. సగం సంగతి ఆ జవాబులోనే తేలిపోవచ్చు.

హాప్స్ పంట ఏడాదికి ఒక్కసారే వస్తుంది. వాషింగ్టన్ రాష్ట్రంలోని యాకిమా లోయలో ఆగస్టు చివర మొదలై సెప్టెంబరంతా కోత సాగుతుంది. అదే రకమైనా వారం ముందు కోస్తే ఒక వాసన, వారం ఆగి కోస్తే ఇంకో వాసన. ఆలస్యమైన కోతలో కొన్ని రకాలు ఉల్లి, వెల్లుల్లి వాసన కూడా కొడతాయి. స్తోమతున్న బ్రూవరీలు కోతల వేళ మనుషుల్ని పంపి, హాప్స్‌ను అరచేతుల్లో నలిపి వాసన చూసి, నచ్చిన లాట్ ఎంచుకుంటాయి. చిన్న బ్రూవరీలకు మిగిలినదే దక్కుతుంది. రెసిపీ అక్షరం మారకపోయినా బీరు వాసన ఏడాదికేడాదికి కొంచెం జరిగేది అందుకే. నిజంగా రెసిపీ మారడమూ ఉంది. ఒక రకం హాప్స్ దొరక్క ఇంకోటి వేస్తారు, కంపెనీ చేతులు మారుతుంది, రెండో చోట తయారీ మొదలుపెడతారు. సియెరా నెవాడా కూడా 2014 నుంచి నార్త్ కరోలినాలోని మిల్స్ రివర్‌లో రెండో బ్రూవరీ నడుపుతోంది. కంపెనీ బహిరంగంగా చెప్పినదైతే మీరూ చెప్పండి. చెప్పకపోతే ఊహాగానం మాత్రం వద్దు.

ఇక అసలు దొంగలు ఇద్దరు, ఆక్సిజన్, వేడి.

హాప్స్ చేదు ఒక దారిన వస్తుంది, వాసన ఇంకో దారిన వస్తుంది. హాప్స్‌లోని ఆల్ఫా ఆమ్లాలు గంటసేపు మరిగినప్పుడు రూపం మార్చుకుని చేదు ఇస్తాయి. వాసన ఇచ్చేది వాటిలోని తేలికపాటి నూనెలు. అవి మరుగుతుంటే ఎగిరిపోతాయి. అందుకే వాసన కావాలనుకున్నవాళ్లు మంట తీసేసేముందు కొన్ని హాప్స్, పులిసే దశలోనో ఆ తర్వాతనో, అంటే డ్రై హాప్ అనే పద్ధతిలో మరికొన్ని వేస్తారు. ఆ నూనెలు నిలకడలేనివి. మిర్సీన్ లాంటివి మూత లోపలి పొరలోకి కూడా ఇంకిపోతాయి. ప్యాక్ చేసేటప్పుడు లోపల చిక్కుకున్న ఆక్సిజన్ మిగిలిన పరిమళాన్ని మట్టుబెడుతుంది. మాల్ట్‌లోని పాకం తీపి పైకి తేలుతుంది. చేదు కూడా తగ్గుతుంది, పైగా ఉన్నది మొరటుగా నాలుకను పట్టుకుంటుంది. ఇంకా పాతబడితే తడిసిన అట్టపెట్టె వాసన వస్తుంది. మబ్బుగా ఉండే హేజీ రకాలైతే రంగులోనే పట్టిస్తాయి. పసుపు కాస్తా మట్టిరంగుకు తిరుగుతుంది. మన ఇళ్లలో మూత సరిగ్గా బిగించని డబ్బాలో కాఫీపొడి ఏమవుతుందో ఇదీ అలాంటిదే. చేదు మిగులుతుంది, ఘుమఘుమ పోతుంది.

ఈ ఆక్సిజన్‌ను ఆపడానికి బ్రూవరీలు పడే పాట్లు చూస్తే మనం కౌంటర్ దగ్గర చూపే నిర్లక్ష్యం తప్పని తెలుస్తుంది. ప్యాక్ చేసిన బీరులో కరిగిన ఆక్సిజన్‌ను వాళ్లు వంద కోట్లలో ఎన్ని భాగాలని కొలుస్తారు. 50 దాటితే మంచి బ్రూవరీలు కలవరపడతాయి. సియెరా నెవాడా 2007లో చేత్తో తిప్పి తీసే మూతలు మానేసి ఓపెనర్‌తో తీసే మూతలకు మారింది. గాలి చొరబాటు ఇంకొంచెం తగ్గుతుందన్నదే కారణం. కాలిఫోర్నియాకే చెందిన స్టోన్ బ్రూయింగ్ 2012లో 'ఎంజాయ్ బై' అనే ఐపీఏ తెచ్చింది. ఏ తేదీలోపు తాగాలో ఆ తేదీనే పేరుగా పెద్ద అక్షరాలతో వేసింది. గడువు దాదాపు ఐదు వారాలే.

వేడి ఈ మార్పులన్నిటినీ పరుగు పెట్టిస్తుంది. బీరు వ్యాపారంలో 3-30-300 అనే బండగుర్తు ఒకటుంది. 32 డిగ్రీల సెల్సియస్‌లో 3 రోజులున్న బీరు, 22 డిగ్రీల్లో 30 రోజులున్న బీరు, 3 డిగ్రీల్లో 300 రోజులున్న బీరు, మూడూ దాదాపు ఒకేలా పాతబడతాయి. ఇది లెక్కగట్టిన సూత్రం కాదు, అయినా మనసులో పెట్టుకోదగ్గది. టెక్సాస్ ఎండలో మూడు రోజులు లారీలో మగ్గిన కేసు మీద తేదీ ఎంత కొత్తదైనా లోపలిది ముసలి బీరే. హైదరాబాద్, విజయవాడ వేసవిలో ఏసీ లేని స్టోర్‌రూమ్ 32 డిగ్రీలు దాటడానికి మధ్యాహ్నం దాకా ఆగనక్కర్లేదు. దిగుమతి చేసుకున్న హాపీ బీరును, అంటే హాప్స్ ఎక్కువున్న బీరును, ఆ గదిలో పెట్టి, అమ్మేముందు ఫ్రిజ్‌లోకి మార్చి, చల్లగా ఉంది కదా అనుకోవడం మన దగ్గర చాలా చోట్ల నడుస్తోంది. చల్లబరిస్తే పోయిన వాసన తిరిగి రాదు.

ఇక్కడ సూపర్‌వైజర్లు ఒక వాదన తెస్తారు. హాప్స్ బీరును నిల్వ ఉంచుతాయట కదా, ఇంగ్లండ్ నుంచి ఇండియాకు నెలల తరబడి ఓడల్లో వచ్చిన బీరే కదా ఐపీఏ అని. మాట నిజమే, అన్వయం తప్పు. హాప్స్ అడ్డుకునేది బీరును పుల్లబరిచే కొన్ని బ్యాక్టీరియాలను. ఆక్సిజన్ ముందు హాప్స్ నిలబడలేవు. ఆ రోజుల్లో ఓడ దిగిన పీపా పాడుకాలేదని సంతోషించారు. ఇవాళ్టి కస్టమర్ డబ్బిచ్చేది తాజా పండు వాసన కోసం. చెడిపోకపోవడం వేరు, బాగుండటం వేరు. ఈ తేడాను మేనేజర్‌కు ఓపిగ్గా వివరించగలిగితే మీ పని చాలామటుకు అయినట్టే.

వెలుతురు సంగతి క్లుప్తంగా. ఎండ, ట్యూబులైట్ కాంతి హాప్స్ చేదు పదార్థాన్ని విరగ్గొట్టి స్కంక్ అనే జంతువు వదిలేలాంటి కంపు పుట్టిస్తాయి. గోధుమరంగు సీసా చాలావరకు కాపాడుతుంది, ఆకుపచ్చది అంతగా కాదు, తెల్లది అసలే కాదు. క్యాన్‌కు ఆ బెడద లేదు. అద్దాల ఫ్రిజ్‌లో ముందు వరసకు హాపీ బీరు సీసాలు పెట్టకండి.

ట్యాప్ బీరు విషయంలో తప్పు మీ బార్‌లోనే ఉండే అవకాశం ఎక్కువ. లైన్లను 14 రోజులకోసారి కాస్టిక్ ద్రావణంతో కడగాలి, మూడు నెలలకోసారి ఆమ్లంతో కడగాలి అన్నది అమెరికన్ బ్రూవర్స్ అసోసియేషన్ సూచన. ట్యాప్‌ను విప్పి బ్రష్‌తో రుద్దాలి. ఆ పని జరగని చోట వెన్న వాసన, పుల్లటి వెనిగర్ ఛాయ మొదలవుతాయి. కస్టమర్ "బ్రూవరీ చెడగొట్టింది" అనుకుంటాడు, పేరు పోయేది పాపం వాళ్లది. చేత్తో గాలి కొట్టే పంపు పెట్టిన కెగ్‌ను మర్నాటికి ఉంచకూడదు, ఎందుకంటే మీరే దాంట్లోకి ఆక్సిజన్ ఎక్కించారు. గ్లాసులో సబ్బు జిడ్డు మిగిలినా నురగ నిలవదు, వాసన అణగిపోతుంది.

అందుకని కస్టమర్ ఆ మాట అనగానే మీ చేయి ముందు తేదీ మీదికి వెళ్లాలి. 'ప్యాకేజ్డ్ ఆన్' అంటే నింపిన రోజు, 'బెస్ట్ బై' అంటే కంపెనీ ఇచ్చిన గడువు. రెండూ కలిపేసుకోకండి. కొన్ని బ్రూవరీలు నెల, తేదీ వేయకుండా ఏడాదిలో అది ఎన్నో రోజో వేస్తాయి. 045 అని ఉంటే ఫిబ్రవరి 14 అన్నమాట. నా లెక్కలో హాపీ పేల్ ఏల్‌కు చల్లగా ఉంచిన మొదటి రెండు నెలలే మంచి రోజులు. మూడు నెలలు దాటితే డిస్కౌంట్ పెట్టి "కొంచెం పాతది" అని చెప్పి అమ్మడం మర్యాద. తేదీ బాగుంటే అది ఎక్కడ నిల్వ ఉందో కనుక్కోండి, తర్వాత లైన్, ఆ తర్వాత గ్లాసు. అదే లాట్‌లోంచి ఇంకోటి తెరిచి మీరే ఒక గుక్క రుచి చూడండి. అప్పుడు "సార్, ఇది జనవరిలో నింపింది, మీరనేది నిజమే, తాజాది తెస్తాను" అనగలుగుతారు. అలా చెప్పిన సర్వర్‌ను కస్టమర్ మర్చిపోడు. టిప్పు సంగతి అటుంచి, మళ్లీ వచ్చినప్పుడు మీ టేబుల్ అడిగి మరీ కూర్చుంటాడు.

నాలుకకు తర్ఫీదు ఇంట్లోనే ఇచ్చుకోవచ్చు. ఒకే లాట్ క్యాన్లు రెండు కొని, ఒకటి ఫ్రిజ్‌లో, ఇంకోటి ఇంట్లో అన్నిటికన్నా వేడిగా ఉండే అల్మారాలో రెండు వారాలు ఉంచండి. తర్వాత రెండూ ఒకే చల్లదనానికి తెచ్చి, మూడు ఒకేరకం గ్లాసుల్లో పోయమని స్నేహితుడికి చెప్పండి. రెండిట్లో ఒకటి, మూడోదాంట్లో వేరేది. ఏది వేరో మీరు వాసనతోనే పట్టుకోవాలి. బ్రూవరీ ల్యాబుల్లో చేసే ట్రయాంగిల్ టెస్ట్ ఇదే. గుక్కలు చిన్నవి చాలు, పనిమీద రుచి చూడటం వేరు, తాగడం వేరు. చూసినవన్నీ నోట్‌బుక్‌లో రాసుకోండి. ఈ రంగంలోనే పైకి రావాలనుకుంటే బీరు సర్వీసులో నైపుణ్యానికి సర్టిఫికెట్ ఇచ్చే సిసరోన్ పరీక్షలున్నాయి. మొదటి మెట్టు సర్టిఫైడ్ బీర్ సర్వర్, ఆన్‌లైన్‌లో 60 ప్రశ్నలు, 75 శాతం వస్తే పాస్. నిల్వ, లైన్ల శుభ్రత, చెడు రుచుల గుర్తింపు అందులో ముఖ్యమైన పాఠాలు. హైదరాబాద్, బెంగళూరు బ్రూపబ్‌లలో పనిచేసే మన పిల్లలకు కూడా ఇది ఉద్యోగంలో అక్కరకొచ్చే చదువే.

మీ చేతిలో ఆర్డర్ పెట్టే అధికారం ఉంటే ఒక్కటే అడుగుతాను. హాపీ బీర్లను నెలలో అమ్ముడయ్యేంత మాత్రమే తెప్పించండి. డిస్ట్రిబ్యూటర్ కేసుల మీద ఎంత తగ్గిస్తానన్నా, వచ్చిన సరుకును దించుకునే ముందే తేదీ చూసి, పాతదైతే ఆ లారీలోనే వెనక్కి పంపండి.