కనిపెట్టుకొనియున్న విశ్వాసము

పఠనీయ భాగములు: లూకా 1:5-25, లూకా 18:1-8, కీర్తన 13

ప్రార్థించుటకంటె, ప్రార్థించిన తరువాత గడచు దినములు విశ్వాసికి కష్టమైనవి. వ్యాధితోనున్న కుమారుని కొరకు, పని దొరకని భర్త కొరకు, త్రాగుడునకు లోబడిన సహోదరుని కొరకు, సంతానము కొరకు మోకాళ్లూనినవారు ప్రతి సంఘములోను ఉన్నారు. మొదటి మాసములలో వారు మాటలు వెదకుకొననక్కరలేదు. సంవత్సరములు గడచినకొలది మాటలు తరిగిపోవును. పెదవులు అడుగుచునే యుండును గాని హృదయము అడుగుట మానివేయును. విశ్వాసము ఒక్క దెబ్బకు కూలుట అరుదు. ఇట్టి దీర్ఘకాలములో అది కొంచెము కొంచెముగా అరిగిపోవును.

ఈ కాలమందు భక్తుడు చేయవలసినదానికి తెలుగు బైబిలు వాడిన మాట ‘కనిపెట్టుట.’ రోగి మంచము ప్రక్కన రాత్రియంతయు మేలుకొనియుండువానిని గూర్చి, కనిపెట్టుకొనియున్నాడని జనులందురు. అతడు ఊరక కూర్చుండియుండడు. దాహమడిగినయెడల నీరిచ్చును, మందు వేళకు మందిచ్చును, దృష్టి మరలింపడు. ప్రభువు కొరకు కనిపెట్టుటయు ఇట్టిదే.

1. ఆలస్యము నిందకు గుర్తు కాదు

జెకర్యా ఎలీసబెతులను గూర్చి లూకా మొదట చెప్పిన సంగతి, వారు దేవుని దృష్టికి నీతిమంతులై ఆయన ఆజ్ఞలచొప్పున నిరపరాధులుగా నడచుకొనిరనుట (1:6). వారికి పిల్లలు లేరను మాట ఆ తరువాతనే వచ్చును (1:7). ఈ వరుస గమనింపదగినది. ఆ దినములలో గొడ్రాలితనము నిందగా ఎంచబడెను. తానును ఆ నింద మోసితినని ఎలీసబెతే పలికెను (1:25). ఇరుగుపొరుగువారు కారణములు ఊహించియుందురు. సువార్తికుడు ఆ ఊహలకు ముందుగానే తలుపు మూసెను.

నేటి సంఘములలో ఆ తలుపు మరల తెరువబడుచున్నది. పరామర్శకు వచ్చినవారు కాఫీ త్రాగి లేచిపోవుచు, “విశ్వాసము చాలలేదమ్మా,” అనియో, “ఒప్పుకొనని పాపమేదో యున్నదేమో చూచుకొనుము,” అనియో చెప్పి పోవుదురు. అప్పటికే భారముతో క్రుంగినదానిమీద వారు మరియొక భారము మోపుచున్నారు. యోబు స్నేహితులును అట్లే మాటలాడిరి. ప్రభువు కోపము యోబుమీద గాక వారిమీద రగులుకొనెను (యోబు 42:7). తన్నుతాను పరీక్షించుకొనుట ప్రతి విశ్వాసికి తగినదే. దురుద్దేశముతో అడుగుటను యాకోబు పత్రిక ఖండించుచున్నది (4:3). అయితే ఆ పరీక్ష ఎవరికి వారు దేవుని యెదుట చేసికొనవలసినదే గాని, పొరుగువానిమీద రువ్వుటకు రాయి కాదు.

2. కనిపెట్టువాడు తన పని మానడు

దావీదు కాలమున యాజకులు 24 తరగతులుగా ఏర్పరచబడిరి. అందులో అబీయా తరగతి ఎనిమిదవది (1 దినవృత్తాంతములు 24:10). జెకర్యా ఆ తరగతివాడు. చీట్లు వేయగా ధూపము వేయు వంతు అతనికి వచ్చెను. అతడు ముసలివాడు, అతని సొంత మనవికి ఏండ్ల తరబడి జవాబు లేదు. అయినను జనులు వెలుపల ప్రార్థించుచుండగా అతడు లోపల ధూపము వేయుచుండెను. తన ప్రార్థన నెరవేరలేదని ఇతరుల ప్రార్థనకు తోడైన పరిచర్యను అతడు మానుకొనలేదు. దేవదూత అతనిని ఆ వేదికయొద్దనే కలిసికొనెను.

మరియొక ఆదరణ ఇందులో ఉన్నది. ప్రార్థన వినబడినదని దూత చెప్పినప్పుడు జెకర్యా నమ్మలేకపోయెను. అందుకు మూగతనము శిక్షగా వచ్చినను, వాగ్దానము మాత్రము వెనుకకు తీసికొనబడలేదు. అలసిన భక్తుని విశ్వాసము ఆ గడియలో సన్నగిల్లినను దేవుని నమ్మకత్వము సన్నగిల్లలేదు.

హిజ్కియా చరిత్రయు దీనినే నేర్పుచున్నది. 15 సంవత్సరముల ఆయువు అతనికి వాగ్దానము చేయబడెను. అయినను అంజూరపు పండ్ల ముద్దను పుండుకు కట్టుమని యెషయా చెప్పెను (యెషయా 38:5, 21). వైద్యునియొద్దకు పోవుట, ఉద్యోగమునకు దరఖాస్తు పెట్టుట, తగవు పడిన సహోదరుని ఇంటికి తానే ముందుగా నడచిపోవుట అవిశ్వాసక్రియలు కావు. ప్రార్థించు మోకాళ్లకును పనిచేయు చేతులకును లేఖనమందు విరోధము లేదు.

3. ఒంగోలు కొండమీది ప్రార్థన

ఈ సత్యమునకు తెలుగు సంఘచరిత్రలోనే ఒక సాక్ష్యమున్నది. 1836లో శామ్యూల్ డే భారతదేశమునకు వచ్చుటతో ఆరంభమైన అమెరికను బాప్తిస్టు తెలుగు మిషను, 1840లో నెల్లూరును కేంద్రముగా చేసికొనెను. ఏండ్లు గడచినను ఫలము మిక్కిలి స్వల్పము. 1853లో ఆల్బనీ నగరమున జరిగిన మిషను వార్షిక సభలో ఈ పని విడిచిపెట్టుదమా అను ప్రశ్న లేచెను. పటముమీద ఒక్క నక్షత్రమువలె కనబడిన ఈ మిషనును గూర్చి శామ్యూల్ స్మిత్ అప్పుడు వ్రాసిన పద్యమునుబట్టియే దానికి ‘ఒంటరి నక్షత్రము’ అను పేరు నిలిచెను. పని విడిచిపెట్టబడలేదు.

ఆ తరువాత 1854 జనవరి 1వ తేదీన తెల్లవారుజామున ఐదుగురు ఒంగోలులోని ఒక కొండ ఎక్కిరి. లైమన్ జూయెట్, ఆయన భార్య, క్రిస్టియన్ నర్సు, జూలియా, రూతు అను ఈ ఐదుగురు ఆ ఊరికి ఒక సేవకుని పంపుమని ఒకరి తరువాత ఒకరు దేవుని వేడుకొనిరి. నాటినుండి అది ప్రార్థన కొండయని పిలువబడుచున్నది.

మరుసటి సంవత్సరము ఎవడును రాలేదు. ఆ తరువాతి సంవత్సరమును రాలేదు. 1862లో మిషనును మూసివేయవలెనను మాట మరల వినబడెను. జూయెట్ మాత్రము తెలుగువారిని విడువననెను. 1865లో జాన్ క్లౌ ఆయనతోకూడ ఈ దేశమునకు వచ్చి, 1866లో ఒంగోలులో కాపురముండెను. 1867 జనవరి 1వ తేదీన, కొండమీది ప్రార్థనకు సరిగా 13 సంవత్సరములకు, ఒంగోలు సంఘము 8 మంది సభ్యులతో ఏర్పడెను.

ఆ ఐదుగురు అడిగినది ఒక మిషనరీని. దేవుడు వారు అడుగని మరియొకనిని కూడ సిద్ధపరచియుండెను. తాళ్లకొండపాడు గ్రామమునకు చెందిన యెర్రగుంట్ల పేరయ్య, సమాజము వెలిగా ఉంచిన మాదిగ కులమునుండి 1866లో బాప్తిస్మము పొంది, పల్లె పల్లెకు నడచి తనవారికి సువార్త చెప్పెను. ప్రార్థనలో పేరులేని మనుష్యుడే జవాబులో ముఖ్యుడయ్యెను.

తరువాత 1876 నుండి 1878 వరకు మద్రాసు రాజధానిని మహా కరవు పీడించెను. బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ల త్రవ్వకపు పనిని క్లౌ గుత్తకు తీసికొని ఆకలిగొన్నవారికి కూలి దొరకునట్లు చేసెను. అనేకులు బాప్తిస్మము అడిగినను, అన్నము కొరకు ఎవరును క్రీస్తు నామము ధరింపరాదని, కరవు సహాయము సాగినంతకాలము ఆయన ఇయ్యలేదు. అప్పుడు కనిపెట్టవలసిన వంతు ఆ బీదలదాయెను. సహాయము ముగిసినదని చెప్పబడిన తరువాతను వారు తిరిగిపోలేదు. 1878 జూలై 3వ తేదీన వెల్లంపల్లి యొద్ద గుండ్లకమ్మ నదిలో 2,222 మంది బాప్తిస్మము పొందిరి. కొండమీది ప్రార్థననాటికి అది 25వ సంవత్సరము.

4. అడిగినది దొరకనప్పుడు

అయితే ఓర్చుకొన్న ప్రతివానికి అడిగినదే రెట్టింపుగా దొరకునని ఈ చరిత్రను వాగ్దానముగా మార్చుకొనరాదు. లేఖనము అట్లు చెప్పలేదు. తన ముల్లు తొలగింపుమని పౌలు మూడుమారులు వేడుకొనెను. ముల్లు తొలగలేదు, దానిని మోయుటకు చాలినంత కృప దొరకెను (2 కొరింథీయులకు 12:8-9). హెబ్రీయులకు వ్రాసిన పత్రిక 11వ అధ్యాయమందలి సాక్షులు వాగ్దానఫలము చేత పట్టకయే కన్నుమూసిరి (11:39). మరణించిన బిడ్డ కొరకు ప్రార్థించిన తల్లికి ఒంగోలు కథ ఒక్కటే చెప్పి పంపివేయుట ప్రేమ కాదు.

ఆమె కొరకును లేఖనమందు మాటలున్నవి. 13వ కీర్తన మొదటి రెండు వచనములలో ఎంతవరకు అను ప్రశ్న నాలుగు మారులు వినబడుచున్నది. ఆ కీర్తన పాటతో ముగియును. 88వ కీర్తన అట్లు ముగియదు. దాని చివరి మాట చీకటియే. అయినను ఆ కీర్తనకారుడు తన మొఱ్ఱను మొదలుపెట్టినది దేవుని తన రక్షణకర్తగా పిలిచియే. చీకటిలోనుండి ఆయన వైపే తిరిగి ఏడ్చుటయు విశ్వాసమే. పాడలేనివాని కన్నీటికి సైతము పరిశుద్ధాత్మ కీర్తనల గ్రంథములో చోటిచ్చెను.

5. ప్రభువు అడిగిన ప్రశ్న

విసుగక ప్రార్థించుటను నేర్పుటకు యేసు ప్రభువు విధవరాలి ఉపమానము చెప్పెను. అన్యాయస్థుడైన న్యాయాధిపతియే వినినయెడల నీతిమంతుడైన తండ్రి వినడా అనుటలో సందేహమునకు చోటులేదు. ఆశ్చర్యమేమనగా, ఉపమానము చివర మిగిలిన ప్రశ్న దేవుడు వినునా అనునది కాదు. మనుష్యకుమారుడు వచ్చునప్పుడు భూమిమీద విశ్వాసము ఆయనకు కనబడునా అనునది (లూకా 18:8). దేవుని వైపు సంగతి స్థిరపరచబడియున్నది. ఆలస్యకాలమందు పరీక్షింపబడుచున్నది మనుష్యుని వైపు.

కాబట్టి ఈ సంవత్సరము పాత మనవినే మరల మోసికొని ప్రవేశించు విశ్వాసి సిగ్గుపడనక్కరలేదు. మాటలు కరవైనయెడల కీర్తనకారుని మాటలు అరువు తెచ్చుకొనవచ్చును. ఒంటరిగా కొండ ఎక్కలేనివాడు మరి నలుగురిని తోడు పిలుచుకొనవచ్చును. వేదికయొద్ద తన వంతు వచ్చినప్పుడు అక్కడ కనబడుట అతని పని. వచ్చు గడియ ప్రభువు చేతిలోనిది.

ధ్యానించుటకు ప్రశ్నలు

1. లూకా 1:6, 7 వచనముల వరుస, శ్రమపడువారిని గూర్చి సంఘము మాటలాడు తీరును ఎట్లు సరిదిద్దుచున్నది?
2. జవాబు రాని మనవినిబట్టి విడిచిపెట్టబడిన పరిచర్య ఏదైన ఉన్నదా? దానిని మరల చేపట్టుటకు ఈ వారము ఏమి చేయవచ్చును?
3. 13, 88 కీర్తనలను ప్రక్కప్రక్కన చదువుడి. ఏ కీర్తన నేటి స్థితికి దగ్గరగా ఉన్నది? దానిని ప్రార్థనగా బిగ్గరగా చదువుడి.
4. చిరకాలముగా కనిపెట్టుచున్న ఒకరిని జ్ఞాపకము చేసికొని, ఉపదేశించుటకు గాక వారితోకూడ ప్రార్థించుటకు వారి ఇంటికి వెళ్లుడి.