అమ్మ గురక ఎవరికీ వినిపించదేం?

మగాడు గురక పెడితే ఇంటిల్లిపాదీ నవ్వుకుంటారు. పిల్లలు ఫోన్లో రికార్డు చేసి మేనమామలకి పంపిస్తారు. అదే అమ్మ గురక పెడితే ఎవరూ మాటెత్తరు. పొరపాటున ఎత్తారో, "నేనా? గురకా? రాత్రంతా కన్ను మూతపడితే కదా!" అని ఆవిడ విరుచుకుపడుతుంది. పడనివ్వండి గానీ, ఆ మాట కాస్త చెవిన వేసుకోండి. గురక పెడుతూనే నిద్ర లేకుండా ఉండటం నిజంగానే ఉంది. ఇవాళ మన ముచ్చట దాని మీదే. పడ్డదాన్ని కాబట్టి కొంచెం ఎక్కువే మాట్లాడతాను, ఓపిక పట్టండి.

నాకు నలభై అయిదు దాటాక మొదలైంది. పది కొట్టేసరికి పక్క మీద వాలితే ఆరింటికి లేచేదాన్ని. చూసేవాళ్ళకి మహారాణి నిద్ర. లేచేసరికి మాత్రం నోరు పిడచకట్టుకుపోయి, నుదురు బరువెక్కి, రాత్రంతా పిండి రుబ్బినట్టు ఒళ్ళు హూనం. మధ్యలో మాటిమాటికీ బాత్రూముకి లేవడం ఒకటి. షుగరేమోనని చూపిస్తే షుగర్ లేదు. బీపీ మాత్రం మందు వేసుకుంటున్నా దిగేది కాదు. మధ్యాహ్నం ఆఫీసులో బిల్లులు సరిచూస్తుంటే అంకెల మీదే కళ్ళు వాలిపోయేవి. ఒకరోజు విజయవాడ బెంజి సర్కిల్ సిగ్నల్లో స్కూటీ మీదే కునుకు పట్టేసింది. వెనక ఆటో అతను హారన్ కొడితే ఉలిక్కిపడ్డాను. ఆ రోజు నుంచి బండి తీయడం మానేశాను, ఎందుకని ఎవరికీ చెప్పలేదు.

చుట్టాలకైతే సలహాలకి కొదవ లేదు. థైరాయిడ్ చూపించుకో అని ఒకరు, రక్తం తక్కువేమో అని ఒకరు, "ఆ వయసొచ్చిందిలే" అని మిగతా అందరూ. థైరాయిడ్, హిమోగ్లోబిన్ పరీక్షలు చేయించుకోవాల్సిందే, నీరసానికి ఆ రెండూ పెద్ద కారణాలే. అవి బాగానే ఉన్నాయని తేలాక ఇంకేం చూడాలో మాత్రం ఎవరికీ తోచలేదు. ఒక డాక్టరుగారైతే నా ఫైలు మూసేసి, "ఆలోచనలు తగ్గించుకోండమ్మా" అన్నారు. మగ పేషెంటుకి ఈ మందు ఎవరైనా రాయగా మీరు చూశారా? నాకైతే కనపడలేదు. ఆ సలహాతో పాటు ఆల్ప్రాజోలామ్ అనే మాత్ర కూడా రాశారు.

ఈ మాత్ర గురించి ఒక్క నిమిషం. కల్తీ కల్లులో కలుపుతారని పేపర్లలో పడుతూంటుందే, ఆ మందే ఇది. డాక్టరు సరైన రోగికి, సరైన మోతాదులో, కొన్నాళ్ళకి ఇస్తే మందే. చీటీ లేకుండా అమ్మకూడదని షెడ్యూల్ హెచ్1 జాబితాలో పెట్టారు కూడా. అయినా సందు చివర మెడికల్ షాపులో "నిద్రమాత్ర బాబూ" అంటే కాగితంలో చుట్టి ఇచ్చేవాళ్ళున్నారు, అలవాటుపడి ఏళ్ళ తరబడి మింగే పెద్దవాళ్ళున్నారు. ఉన్నట్టుండి మానేస్తే వణుకు, కంగారు, ఉన్న నిద్ర కూడా పోవడం. అందుకే డాక్టరు చెప్పినట్టు కొద్దికొద్దిగా తగ్గించాలి. నాలాంటి వాళ్ళకి ఇంకో చిక్కుంది. ఈ రకం మాత్రలు గొంతు కండరాల్ని ఇంకా వదులు చేస్తాయి. నా జబ్బు ఉన్నది సరిగ్గా అక్కడే.

అది బయటపడింది మా చెల్లెలి వల్ల. అమ్మకి మోకాలి ఆపరేషన్ అయినప్పుడు ఆస్పత్రి గదిలో మేమిద్దరం ఒకే చాప మీద పడుకున్నాం. పొద్దున లేచేసరికి అది గోడకి ఆనుకుని కూర్చుని ఉంది, కళ్ళు ఎర్రగా. "అక్కా, నువ్వు ఊపిరి తీసుకోవడం ఆపేస్తున్నావే! నిద్రలో పోతావేమోనని కాపలా కూర్చున్నా" అంది. ఫోన్లో వీడియో చూపించింది. గురక, గురక, ఉన్నట్టుండి ఏ శబ్దమూ లేదు. పొట్ట మాత్రం పైకీ కిందికీ కొట్టుకుంటోంది. ఎంతసేపటికో గుర్రుమని ఒక్క ఎగశ్వాస, మళ్ళీ గురక. మా ఆయన ఇన్నేళ్ళు పక్కనే ఉన్నారు కదా అంటారేమో. ఆయన పడుకుంటే పిడుగు పడినా లేవరు.

దీన్ని స్లీప్ ఆప్నియా అంటారు. నిద్రలో గొంతు వెనక కండరాలు, నాలుక మొదలు వదులైపోయి గాలి దారికి అడ్డం పడతాయి. పది సెకన్లకి తక్కువ కాకుండా ఊపిరి ఆగితే దాన్ని ఒకటిగా లెక్కేస్తారు. ఒంట్లో ఆక్సిజన్ తగ్గగానే మెదడు మనల్ని తట్టి లేపుతుంది. లేచినట్టు మనకి తెలీదు, పొద్దున గుర్తూ ఉండదు. రాత్రంతా ఇదే తంతు. ఎనిమిది గంటలు పడుకున్నా అలుపు తీరదంటే తీరదు మరి. మూసుకున్న గొంతులోంచి గాలి లాగే ప్రయత్నంలో గుండె మీద ఒత్తిడి పడి, నీరు బయటికి పంపమనే హార్మోను ఎక్కువ ఊరుతుంది. నా బాత్రూము తిరుగుళ్ళకి కారణం అదట. బీపీ దిగకపోవడమూ దీని పుణ్యమే కావచ్చని డాక్టరు చెప్పారు.

నెలసరి ఆగేదాకా ఆడవాళ్ళకి ఇది మగవాళ్ళ కన్నా తక్కువ. ప్రొజెస్టిరాన్ ఊపిరికి అండగా ఉంటుంది, ఆ అండ పోయాక ముప్పు పెరుగుతుంది. పైగా మనం డాక్టరు దగ్గరికెళ్ళి గురక గురించి చెప్పం. నీరసం, తలనొప్పి, నిద్ర పట్టట్లేదు, విసుగ్గా ఉంటోంది అని చెప్తాం. వాళ్ళు అది విని మెనోపాజ్ అనో డిప్రెషన్ అనో రాసుకుంటారు. లావుగా ఉన్నవాళ్ళకే వస్తుందనీ అనుకోకండి. లావు పెద్ద కారణమే గానీ, దవడ చిన్నదై గొంతు ఇరుకైతే సన్నటి వాళ్ళకీ వస్తుంది.

బప్పీ లహరి గుర్తున్నారా? 'సింహాసనం', 'గ్యాంగ్ లీడర్' పాటలతో మనందరినీ ఊపేసిన సంగీత దర్శకుడు. 2022 ఫిబ్రవరిలో ముంబైలో పోయినప్పుడు ఆస్పత్రి డాక్టర్లు చెప్పిన కారణాల్లో ఈ స్లీప్ ఆప్నియా ఒకటి. ఆ వార్త చదివినప్పుడు నాకు ఆ పేరే కొత్త. ఆయన మెడలో గొలుసుల గురించే మాట్లాడుకున్నాం అందరం.

ఇక ఆప్నియాని పట్టే పరీక్ష. ఊపిరితిత్తుల డాక్టరు గానీ, చెవి ముక్కు గొంతు డాక్టరు గానీ, న్యూరాలజిస్టు గానీ రాస్తారు. హైదరాబాద్ నిమ్స్ లాంటి ప్రభుత్వ సంస్థల్లోనూ ఉంది, పెద్ద ప్రైవేటు ఆస్పత్రుల్లోనూ ఉంది. కొందరికి ఇంటికే చిన్న యంత్రం ఇచ్చి పంపుతారు. నన్ను ఒక రాత్రి అక్కడే పడుకోమన్నారు. తలస్నానం చేసి రండి, నూనె మాత్రం పెట్టుకోకండి అన్నారు. మనకేమో నూనె లేని తల అంటే ప్రాణం మీదికొస్తుంది. పాపిట తీసి తల మీద అక్కడక్కడా జిగట పేస్టుతో వైర్లు అంటించారు. కంటి పక్కన, గడ్డం మీద, కాళ్ళ మీద కూడా. ఛాతీకీ పొట్టకీ పట్టీలు, వేలికి క్లిప్పు. ఇన్ని తగిలించుకుని ఎవరికి నిద్ర పడుతుందమ్మా అంటే, టెక్నీషియన్ అమ్మాయి నవ్వి, "అందరూ ఇదే అంటారు మేడమ్, అందరూ పడుకుంటారు" అంది. పడుకున్నాను కూడా. రిపోర్టులో గంటకి ఎన్నిసార్లు ఊపిరి ఆగిందో, తగ్గిందో అంకె ఉంటుంది. 5 లోపు మామూలు, 15 దాకా స్వల్పం, 30 దాటితే తీవ్రం. నాది 30ని ఎప్పుడో దాటేసింది.

నాకు రాసింది సీప్యాప్ యంత్రం. 1980ల మొదట్లో సిడ్నీలో కొలిన్ సలివన్ అనే డాక్టరు వాక్యూమ్ క్లీనర్ మోటారుతో మొదలుపెట్టాడట దీన్ని. మాస్కు లోంచి ఆగకుండా గాలి వస్తూ గొంతు మూసుకుపోకుండా నిలబెడుతుంది, అంతే. ధర రకాన్ని బట్టి పదుల వేలల్లో ఉంటుంది. నెలకింత అని అద్దెకిచ్చేవాళ్ళూ ఉన్నారు కాబట్టి ముందు వాడి చూశాకే కొనండి. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులకి సీజీహెచ్ఎస్ కింద వస్తుంది. ప్రైవేటు ఇన్సూరెన్సు వాళ్ళని మాత్రం ముందే నిలదీసి అడగండి.

మొదటి రాత్రులు నరకమని దాచకుండా చెప్తున్నాను. నిద్రలో ఎప్పుడు పీకేసేదాన్నో తెలీదు, పొద్దునకి మాస్కు మంచం కింద ఉండేది. పడుకునే ముందు మొహానికి రాసుకునే క్రీముకి మాస్కు జారిపోయి, గాలి కంట్లోకి తన్నేది. క్రీము మానేశాను. జడ నడినెత్తికి దిగువన వేసుకుంటే పట్టీకి అడ్డం, అందుకని పక్కకి వేసుకోవడం నేర్చుకున్నాను. అన్నిటికన్నా పెద్ద తగాదా ముక్కుపుడక. మాస్కు దాని మీదే నొక్కి, ముక్కు వాచిపోయింది. రాత్రిపూట తీసి డబ్బీలో పెడతానంటే మా అత్తగారు ఒప్పుకోలేదు, ముత్తైదువ బోసిముక్కుతో పడుకోవడమేమిటని. "మీ కొడుక్కి పెళ్ళాం ఉండాలా, ముక్కుపుడక ఉండాలా?" అని మా చెల్లెలే ఫోన్లో అడిగేసింది. అత్తగారు రెండ్రోజులు మాట్లాడలేదు, మూడోరోజు డబ్బీ ఆవిడే ఇచ్చింది. గొంతు ఎండకుండా తేమ కోసం యంత్రంలో డిస్టిల్డ్ వాటర్ పోయాలి. మాస్కుని రోజూ కాస్త సబ్బునీళ్ళతో కడిగి నీడన ఆరబెట్టాలి. కరెంటు పోతే యంత్రం ఆగిపోతుంది కాబట్టి ఇన్వర్టర్ లైను పడకగదికి లాగించాం. ఇవన్నీ ఆస్పత్రిలో ఎవరూ చెప్పలేదు.

బాగుపడ్డానని ఏ ఉదయమూ గంట కొట్టి చెప్పలేదు. ఒకరోజు ఆఫీసులో టీ తాగుతూంటే, పొద్దున్నుంచీ తలనొప్పి లేదని గుర్తొచ్చింది. తర్వాత నెల బీపీ మందు ఒకటి తగ్గించారు. బండి తీశాను.

అందరికీ యంత్రమే అక్కర్లేదు. స్వల్పంగా ఉన్నవాళ్ళకి బరువు తగ్గడం, పక్కకి తిరిగి పడుకోవడం, దవడని ముందుకు నిలిపే దంతాల పరికరం పనికొస్తాయి. కొద్దిమందికి ఆపరేషన్. లావు ఎక్కువున్న వాళ్ళ ఆప్నియాకి టిర్జెపటైడ్ ఇంజెక్షన్‌ని అమెరికాలో 2024 డిసెంబరులో అనుమతించారు. వాట్సాప్‌లో ఎవరో పెట్టారని తెప్పించుకునేరు, డాక్టరు చూడందే వద్దు.

నిద్ర లేనివాళ్ళందరిదీ నా జబ్బే అనీ అనను. మా మేనత్తకి పక్క మీద వాలగానే పిక్కలు పీకి, కాళ్ళు కదిపితే గానీ ప్రాణం ఊరుకునేది కాదు. ఫెరిటిన్ పరీక్షలో ఐరన్ అడుగంటిందని తేలింది, అది నింపాక కాళ్ళు ఊరుకున్నాయి. ఇంక అసలు నిద్రే పట్టక, గడియారం చూస్తూ తెల్లవార్లూ దొర్లేవాళ్ళకి మాత్రల కన్నా ముందు ఇవ్వాల్సింది సీబీటీ-ఐ అనే చికిత్స అని అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ 2016లోనే చెప్పింది. ఇందులో పడక మీద గడిపే గంటల్ని ముందు తగ్గించి, నిద్ర కుదిరేకొద్దీ పెంచుతారు. మొదటి వారాలు కష్టంగానే ఉంటుంది. మనసు బాగాలేక నిద్ర దూరమైతే ప్రభుత్వం వాళ్ళ టెలీమానస్ నంబరు 14416కి చేయండి, తెలుగులోనే మాట్లాడతారు.

మొన్న బాబాయి కూతురి పెళ్ళికి యంత్రం పట్టుకునే వెళ్ళాను. విడిదిలో ఆడవాళ్ళందరికీ ఒకే హాలు. ప్లగ్గు పక్కన చోటు చూసుకుని మాస్కు తగిలిస్తుంటే పిల్లలు చుట్టూ మూగారు, పైలట్‌వా అత్తా అని. పెద్దవాళ్ళు మొహమొహాలు చూసుకున్నారు. పొద్దున కాఫీల దగ్గర మా పిన్ని నన్ను పక్కకి లాక్కెళ్ళి ఆ డాక్టరు నంబరు అడిగింది. బాబాయికా అన్నాను. "నాకే. ఎవరైనా అడిగితే మాత్రం మీ బాబాయికనే చెప్పు" అంది.